పడవవాడు మాట్లాడుతూనే ఉన్నాడు

ప్రశ్న: నా చిన్ననాటి స్నేహితురాలు చిత్రకారిణి. తండ్రి పోయిన తరువాత నాలుగేళ్ళు కష్టపడి మరణానంతర లోకం మీద ఒక గ్రాఫిక్ నవల తయారు చేసింది. బొమ్మలూ తనవే, మాటలూ తనవే. ఒక స్త్రీ చనిపోయి నది ఒడ్డున మేలుకుంటుంది. ఒక పడవవాడు ఆమెను ఏడు నగరాల మీదుగా తీసుకువెళ్తాడు. చివరి నగరంలో, ఆమెకన్నా ముందే పోయిన తండ్రి కనిపించి మూడు పేజీల పాటు మాట్లాడతాడు. బొమ్మలు చూస్తుంటే ఊపిరి ఆగినట్లయింది. మాటలు చదవడం మొదలుపెట్టాక మాత్రం పది పేజీలకే పుస్తకం మూసేయాలనిపించింది. ప్రతి నగరంలోనూ పడవవాడు అక్కడి నియమాలు వివరిస్తూనే ఉంటాడు. కనిపించిన ప్రతివారూ ఒకే గొంతుతో వేదాంతం చెబుతారు. ఒక్క చోట, రెండు పేజీల నిండా, తండ్రి కళ్ళజోడు నీటి అడుగున పడి ఉన్న బొమ్మ ఉంది. అక్కడ ఒక్క మాట కూడా లేదు. అది చూసి ఏడ్చాను. ఇప్పుడు తను రెండో భాగం మొదలుపెడుతూ "మొదటిది ఎలా ఉందో నిజం చెప్పు" అని అడుగుతోంది. నేను రచయిత్రిని కాను, విమర్శకురాలిని కాను. నచ్చకపోవడం నా లోపమేమో తెలియదు. నిజం చెబితే వాళ్ళ నాన్నగారి జ్ఞాపకాన్ని తప్పుపట్టినట్లవుతుందని భయంగా ఉంది. ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి?

— ఒక పాఠకురాలు

సమాధానం: మీకు విమర్శ తెలియదని రాశారు కానీ, విమర్శలో సగం పని మీ ఉత్తరంలోనే పూర్తయింది. ఎక్కడ పుస్తకం మూసేయాలనిపించిందో చెప్పారు, ఎక్కడ కన్నీళ్ళు వచ్చాయో చెప్పారు. రాసిన మనిషికి ఈ రెండింటికన్నా పనికివచ్చే సమాచారం మరొకటి ఉండదు. విసుగు ఎక్కడ పుట్టిందన్న విషయంలో ఏ పాఠకుడూ పొరపాటు పడడు; పుట్టింది కాబట్టి పుట్టింది, దానికి ప్రత్యేకమైన అర్హతలేవీ అక్కరలేదు. ఎందుకు పుట్టిందన్న దగ్గరే మనమందరం తరచుగా తప్పటడుగు వేస్తాం. అందువల్ల ఎక్కడ అన్నది ధైర్యంగా చెప్పండి, ఎందుకు అన్నది ఆచితూచి చెప్పండి. ఆ రెండోదానికి సాయపడాలనే ఈ జవాబు. పుస్తకం నేను చూడలేదు, మీరు చెప్పినదాన్ని బట్టే మాట్లాడుతున్నానని గుర్తుంచుకోండి.

ముందుగా ఒక మాట మీ నోట రానివ్వవద్దని కోరుతున్నాను: "బొమ్మలు అద్భుతం, రాతే బాగాలేదు." వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది, పైగా సగం పొగడ్త కాబట్టి చెప్పడానికీ సులువు. కానీ గ్రాఫిక్ నవలలో రాత అంటే పాత్రల సంభాషణలుండే బుడగల్లోని మాటలు మాత్రమే కాదు. ఒక క్షణాన్ని ఎన్ని గడులుగా, అంటే చట్రాల్లోని విడి బొమ్మలుగా, విడగొట్టాలి, ఏది చూపాలి, ఏది చూపకుండా రెండు గడుల మధ్య ఖాళీలో వదిలేయాలి, పాఠకుడు పేజీ తిప్పగానే కంటికి ముందుగా ఏది తగలాలి అనే నిర్ణయాలన్నీ రచనే. నీటి అడుగున కళ్ళజోడు బొమ్మను మీ స్నేహితురాలు గీయడమే కాదు, రాసింది కూడా. దాన్ని అక్కడే పెట్టాలని, దానికి రెండు పేజీలు ఇవ్వాలని, ఆ రెండు పేజీల్లో ఎవరూ నోరు మెదపకూడదని తీసుకున్న నిర్ణయం ఒక రచయిత తీసుకున్నదే. కాబట్టి ఆమెకు రాయడం రాదని మీరు అనుకోనవసరం లేదు, ఆమెను అలా అనుకోనివ్వనూ కూడదు. ఒక చోట అంత బాగా రాయగలిగిన మనిషి మిగిలిన చోట్ల ఎందుకు తడబడిందన్నదే మనం చూడవలసిన సంగతి.

మాటకూ బొమ్మకూ మధ్య ఉండే సంబంధాన్ని అమెరికన్ కామిక్స్ రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వచ్చిన "అండర్‌స్టాండింగ్ కామిక్స్"లో ఏడు రకాలుగా విడదీసి చూపాడు. కామిక్స్ గురించి కామిక్స్ రూపంలోనే రాసిన పుస్తకం అది. ఏడింటి జోలికీ మనం పోనవసరం లేదు, రెండు చాలు. ఒక రకంలో బొమ్మ ఏమి చెబుతుందో మాట కూడా దాన్నే చెబుతుంది. మరో రకంలో ఏ ఒక్కటీ ఒంటరిగా చెప్పలేని సంగతిని రెండూ కలిసి చెబుతాయి. మొదటి రకం చిన్నపిల్లల బొమ్మల పుస్తకాల్లో అందంగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ పిల్లవాడు బొమ్మను చూసి మాట నేర్చుకుంటున్నాడు. పెద్దల పుస్తకంలో పేజీ తరువాత పేజీ అలాగే నడిస్తే, మనకు తెలిసిన సంగతిని ఎవరో పక్కన కూర్చుని మళ్ళీ చెబుతున్నట్లు ఉంటుంది.

మీ స్నేహితురాలి కథ నుంచే ఒక పేజీ ఊహించి చెబుతాను. చనిపోయిన స్త్రీ పడవలో అడుగు పెడుతుంది. పడవ నీటిలో ఇసుమంతైనా కుంగదు. నీటి మీద అలైనా లేవదు. నేర్పున్న చేయి గీసిన ఆ బొమ్మను చూస్తూ పాఠకుడు ఒక్క క్షణం ఆగి, ఈమెకు ఇక బరువు లేదని తనంతట తాను కనిపెడతాడు. అలా కనిపెట్టడంలో ఉన్న చిన్న వణుకే ఆ పేజీ ఇచ్చే ఆనందం. ఇప్పుడు దాని మీద "ఆమె పడవ ఎక్కింది. పడవ కదలలేదు. ఇక ఆమెకు దేహభారం లేదు" అని ఒక వ్యాఖ్య పెట్టారనుకోండి. బొమ్మ చెడలేదు, వాక్యాల్లో తప్పు లేదు, కానీ పాఠకుడి చేతిలోని వస్తువును లాక్కుని, విప్పి, తిరిగి అతనికే ఇచ్చినట్లయింది. అదే చోట ఆమె పడవవాడిని "చేరేసరికి చీకటి పడుతుందా?" అని అడిగితే? బొమ్మ ఆమె చనిపోయిందని చెబుతోంది, మాట ఆమెకు ఆ సంగతి ఇంకా తలకెక్కలేదని చెబుతోంది. రెండింటి మధ్య ఏర్పడిన ఆ ఖాళీలో మనకు గొంతు పట్టుకుంటుంది. రెండో రకం అంటే ఇదే.

ఇది ఈ కాలపు కామిక్స్ కనిపెట్టిన కొత్త విద్యేమీ కాదు, మరణానంతర లోకాన్ని బొమ్మలతో చెప్పడం మొదలైనప్పటి నుంచీ ఉంది. క్రీ.పూ. 1250 ప్రాంతంలో ఈజిప్టులో అనీ అనే రాజలేఖకుడి కోసం తయారైన పపైరస్ చుట్ట ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మొత్తం పొడవు సుమారు 24 మీటర్లు. అందులో అందరికీ తెలిసిన బొమ్మ, గుండెను తూచే ఘట్టం. త్రాసులో ఒక వైపు చనిపోయినవాడి గుండె, మరో వైపు సత్యానికి గుర్తైన ఒక ఈక. నక్క తల ఉన్న దేవుడు అనూబిస్ త్రాసు ముల్లు సరిచూస్తుంటాడు, కొంగ ముక్కున్న మరో దేవుడు థోత్ ఫలితం రాసుకోవడానికి కలం పట్టుకుని నిలబడతాడు, అతని వెనుక మొసలి తలా సింహం ముందుకాళ్ళూ నీటిగుర్రం వెనుకభాగమూ ఉన్న మృగం, తూకం తప్పితే ఆ గుండెను మింగడానికి కాచుకుని ఉంటుంది. అనీ, అతని భార్య ఒక పక్కన వంగి నిలబడి ఉంటారు. నియమాలన్నీ బొమ్మలోనే ఉన్నాయి, ఎవరూ వివరించనక్కరలేదు. మరి అక్కడ రాసిన మాటలేమిటి? అనీ తన గుండెతో మాట్లాడుతున్నాడు. తల్లి నుంచి నాకు వచ్చిన గుండెవు నీవు, విచారణలో నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పవద్దని దాన్ని బతిమాలుకుంటున్నాడు. బొమ్మ న్యాయస్థానాన్ని చూపింది. మాట భయాన్ని చూపింది. సొంత గుండెనే నమ్మలేని మనిషి భయాన్ని ఎంత గొప్ప బొమ్మ అయినా ఒంటరిగా చూపలేదు. మూడు వేల ఏళ్ళకు పైబడిన ఆ చుట్ట దగ్గర మీ స్నేహితురాలు ఒక పూట కూర్చుంటే, నేను ఇక్కడ చెబుతున్నవాటిలో చాలా భాగం ఆమెకు అక్కరలేకుండా పోతుంది.

అయితే ఆమెను మరీ తప్పుపట్టకండి, ఎందుకంటే ఈ వస్తువే వివరణలోకి లాగుతుంది. మరణానంతర లోకాన్ని ఊహించే రచయిత ఒక దేశాన్నే కొత్తగా కట్టాలి. అక్కడ ఆకలి వేస్తుందా, నిద్ర వస్తుందా, వెనక్కు చూడవచ్చా, ఎవరు ఎక్కడికి పోవాలో ఎవరు నిర్ణయిస్తారు అనే ప్రశ్నలన్నింటికీ ఆమె నాలుగేళ్ళు జవాబులు వెతికి ఉంటుంది. అంత కష్టపడి కనుక్కున్న జవాబులను పాఠకుడికి చెప్పకుండా ఉండటం చాలా కష్టం. అందుకే ఇలాంటి కథల్లో ఒక మార్గదర్శి పుట్టుకొస్తాడు. మీ ఉత్తరంలోని పడవవాడు ఆ వంశంవాడే. మార్గదర్శి ఉండటంలో తప్పు లేదు. ఇటలీ కవి డాంటే తన "డివైన్ కామెడీ" కావ్యంలో నరకం, పాపాలు కడుక్కునే ప్రక్షాళనా లోకం దాటడానికి వర్జిల్ అనే ప్రాచీన కవినే తోడుగా పెట్టుకున్నాడు. కానీ వర్జిల్‌కు తనదంటూ ఒక బాధ ఉంది: దారి అంతా తెలిసినా అతనికి స్వర్గంలో ప్రవేశం లేదు. ప్రక్షాళనా పర్వతం శిఖరాన, భయపడిన పిల్లవాడు తల్లి వైపు తిరిగినట్లు డాంటే ఏదో చెప్పబోయి అతని వైపు తిరుగుతాడు. అప్పటికే వర్జిల్ అక్కడ లేడు. మార్గదర్శి మౌనంగా మాయమైన ఆ క్షణం అతను అంతకుముందు ఇచ్చిన వివరణలన్నింటికన్నా ఎక్కువ చెబుతుంది. మీ స్నేహితురాలి పడవవాడికి ఏమి కావాలి? ఎన్నాళ్ళుగా ఆ తెడ్డు వేస్తున్నాడు, ఎవరి కోసం ఎదురు చూస్తున్నాడు, ఈ స్త్రీని తీసుకువెళ్ళడం అతనికి ఇష్టమేనా? ఏమీ కోరుకోని మార్గదర్శి దారి పక్కన పాతిన బోర్డులాంటివాడు. బోర్డు ఎంత చక్కని చేతిరాతతో ఉన్నా ఏడు నగరాల పాటు బోర్డులు చదువుతూ ఎవరు నడుస్తారు?

అందరూ ఒకే గొంతుతో వేదాంతం చెబుతారన్న మీ ఫిర్యాదు నాకు ఇంకా ముఖ్యంగా తోచింది. చనిపోగానే మనిషి జ్ఞాని అయిపోతాడని మనలో చాలామందికి ఒక నమ్మకం. పోయినవారి గురించి మనం మంచే మాట్లాడతాం కాబట్టి వాళ్ళు కూడా మంచిమాటలే మాట్లాడతారని అనుకుంటాం కాబోలు. దాంతో బతికి ఉండగా నస పెట్టినవారు, అబద్ధాలాడినవారు, ప్రతి వాక్యానికీ ముందు "అది కాదు గానీ" అన్నవారు, అందరూ అవతలి ఒడ్డు చేరేసరికి శాంతి, వెలుగు, అనంతం అనే మూడు మాటలతో కాలక్షేపం చేస్తారు. గొప్ప కథల్లో చచ్చిపోయినవారు ఇలా మాట్లాడరు. గ్రీకు కవి హోమర్ కావ్యం "ఒడిస్సీ" పదకొండో సర్గలో కథానాయకుడు ఒడిస్సియస్ మృతుల లోకం అంచు వరకూ వెళ్తాడు. అక్కడ మహావీరుడు అకిలిస్ కనబడితే, నీవు ఇక్కడ కూడా రాజువే కదా, బాధపడకు అని ఓదార్చబోతాడు. చచ్చినవారందరినీ ఏలడంకన్నా భూమి మీద పొలం కూడా లేని బీదవాడి దగ్గర కూలికి ఉండటం మేలంటాడు అకిలిస్. ఆ మాట గొప్పదే, అందరికీ తెలిసిందే. నాకు మాత్రం ఆ తరువాత జరిగేదే ఇంకా ఇష్టం: అతను వెంటనే నా కొడుకు ఎలా ఉన్నాడు, మా నాన్న ఎలా ఉన్నాడు అని ఇంటి కబుర్లు అడుగుతాడు. కొడుకు యుద్ధంలో బాగా నిలబడ్డాడని వినగానే గర్వంతో పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళిపోతాడు. అదే సర్గలో ఒడిస్సియస్‌కు తల్లి కనిపిస్తుంది. నీవు ఎలా చనిపోయావమ్మా, జబ్బు చేసిందా అని అడిగితే, జబ్బేమీ కాదు, నీ మీద బెంగతోనే పోయానంటుంది. మూడుసార్లు కౌగిలించుకోబోతాడు, మూడుసార్లూ ఆమె నీడలా చేతుల్లోంచి జారిపోతుంది. ఇందులో తత్త్వం చెప్పినవారెవరు? పోయినవారిని ఇంకా పట్టుకుని ఉన్న చిన్న చిన్న లౌకిక విషయాలే ఆ లోకాన్ని మనం నమ్మేలా చేస్తాయి.

మీ స్నేహితురాలి బొమ్మలు ఈ రహస్యాన్ని పట్టుకున్నాయి, ఆమె మాటలు పట్టుకోలేదు. కళ్ళజోడు లౌకికమైన వస్తువు. దానికి ఒక కాడ వంగి ఉందేమో, ఒక అద్దం మీద గీత ఉందేమో, ముక్కు దగ్గర పచ్చబడిందేమో; ఆ తండ్రి ఒక్కడికే చెందిన కళ్ళజోడు అది. బుడగల్లోని మాటలు మాత్రం ఎవరివైనా కావచ్చు. పరీక్షించాలంటే దారి సులువే: ఏదైనా ఒక నగరంలోని సంభాషణలో పేర్లు చెప్పకుండా మాటలు మాత్రం పైకి చదివి, ఏది ఎవరన్నారో చెప్పగలరేమో చూడండి. చెప్పలేకపోతే అక్కడ మనుషులు లేరు, మాటలే ఉన్నాయి.

ఇక్కడిదాకా చెప్పినవి వాక్యాల స్థాయిలో దిద్దుకోగలిగినవి. మీరు విప్పి చెప్పకపోయినా మీ ఉత్తరంలో మరో ఇబ్బంది కూడా కనిపిస్తోంది, అది ఇంకాస్త లోతైనది. ఏడు నగరాలు, ఒకదాని తరువాత ఒకటి. ప్రతిచోటా ఒక దృశ్యం, ఒక వివరణ, మళ్ళీ పడవ. చావు ముందే జరిగిపోయింది కాబట్టి ఆ స్త్రీకి ఇక పోయేదేమీ లేదు; పోయేదేమీ లేనివారి ప్రయాణంలో మనం కళ్ళతో తిరుగుతామే తప్ప గుండె చేతబట్టుకుని తిరగం. బొమ్మలు ఎంత బాగుంటే ఈ లోపం అంత ఆలస్యంగా బయటపడుతుంది. దీనికి మందు మహాభారతం చివరి పర్వంలోనే ఉంది. స్వర్గం చేరిన ధర్మరాజుకు అక్కడ వైభవంగా కూర్చున్న దుర్యోధనుడు కనిపిస్తాడు, తమ్ములు కనిపించరు. వాళ్ళున్న చోటికి తీసుకుపొమ్మంటే దేవదూత చీకటి, దుర్గంధం నిండిన దారిన నడిపిస్తాడు. భరించలేక వెనుదిరగబోతే చీకట్లోంచి గొంతులు: వెళ్ళవద్దు, నీవు నిలబడితే మా మీద చల్లగాలి వీస్తోంది. ఎవరు మీరు అని అడిగితే ఒక్కొక్కరే పేర్లు చెబుతారు, నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి అని. అప్పుడు ధర్మరాజు దూతను పొమ్మని చెప్పి తాను అక్కడే ఉండిపోతానంటాడు. మరణానంతర లోకంలో కూడా ఒక మనిషి ముందు ఎంచుకోవలసినది ఏదో ఉందన్నమాట. ఎంచుకుంటే పోగొట్టుకునేది కూడా ఉంది. ఆ ఘట్టాన్ని గ్రాఫిక్ నవలగా ఊహించి చూడండి: పూర్తిగా నల్లని గడులు, ఎవరి నోటి నుంచి వస్తున్నాయో తెలియని బుడగలు, ఒక్కో పేరూ ఒక్కో గడి. బొమ్మ కావాలని తప్పుకుని మాటకు చోటిచ్చే సందర్భం అది. మాట ఎప్పుడూ తగ్గాలనేది నా వాదన కాదని దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

అందువల్ల మొదటి భాగంలోని బుడగలన్నీ సగానికి సగం కోసేసినా పుస్తకం పూర్తిగా బాగుపడకపోవచ్చు. ఇది ఆమెతో మొదటి రోజే అనవలసిన మాట కాదు. రెండో భాగం ఏ దశలో ఉందో ముందు కనుక్కోండి. గడుల చిత్తుబొమ్మలు వేసుకుంటున్న దశలో ఉంటే మీ మాటకు చాలా విలువ ఉంది, పూర్తి పేజీలకు రంగులు వేసే దశలో ఉంటే కథ నడక గురించి ఎంత చెప్పినా బాధే మిగులుతుంది. మాటల సంగతి అలా కాదు. ఇప్పుడు ఎక్కువమంది బుడగలనూ అక్షరాలనూ కంప్యూటర్‌లో బొమ్మ మీద విడి పొరగా పెడుతున్నారు కాబట్టి, అచ్చుకు పోయే ముందురోజు వరకూ గీసిన గీత చెరపకుండా మాటలు మార్చుకోవచ్చు. ఆమె కూడా అలాగే చేసి ఉంటే మొదటి భాగం మళ్ళీ అచ్చు వేసేటప్పుడు కొన్ని వ్యాఖ్యలు తీసేయడం పెద్ద పని కాదు.

ఆమె ఏ వరుసలో పని చేస్తుందో కూడా అడగండి. నా అనుమానం, పేజీలన్నీ ముందు గీసేసి మాటలు తరువాత నింపిందని. ఆ పద్ధతి తప్పేమీ కాదు. 1960ల్లో మార్వెల్ అనే అమెరికన్ కామిక్స్ సంస్థలో రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కర్బీ వంటివారు దాదాపు ఇలాగే పని చేసేవారు, కథ సారాంశం మీద చిత్రకారుడు పేజీలు గీస్తే సంభాషణలు తరువాత వచ్చి చేరేవి. కానీ పూర్తయిన బొమ్మ ముందు కూర్చుని మాట రాసేటప్పుడు, చేయి తెలియకుండానే ఎదురుగా ఉన్నదాన్ని వర్ణించడానికి పోతుంది. చిత్తుబొమ్మల దశలోనే మాటలు కూడా రాసుకుంటే బొమ్మకూ మాటకూ పని పంచడం సాధ్యమవుతుంది. తెలుగులో ఇది మరీ అవసరం, ఎందుకంటే మన క్రియాపదాలు ప్రత్యయాలు చేర్చుకుంటూ పొడవుగా సాగుతాయి. "చెప్పలేకపోతున్నాననుకుంటున్నావేమో" అనే ఒక్క మాటే చిన్న బుడగను నింపేస్తుంది, మధ్యలో విరిస్తే చదవడం కష్టం, విరవకపోతే బుడగ పెరిగి బొమ్మను మింగుతుంది.

ఇక ఎలా చెప్పాలన్నది. ఉత్తరంలోనో ఫోన్‌లోనో వద్దు, పుస్తకం ఎదురుగా పెట్టుకుని చెప్పండి. మొదట కళ్ళజోడు పేజీ తెరవండి. ఇక్కడ ఏడ్చానని చెప్పి, కాసేపు ఊరుకోండి. ఈ పేజీలో మాట పెట్టకూడదని ఎందుకు అనుకున్నావని అడగండి. ఆమె చెప్పే జవాబే మిగతా సంభాషణకు పునాది. తన పనిలో ఏది బాగుందో తన నోటితోనే చెప్పుకున్న మనిషి, ఏది బాగాలేదో వినడానికి సగం సిద్ధమై ఉంటుంది. ఆ తరువాత మీకు విసుగు పుట్టిన ఒక పేజీ తీయండి, ఒక్కటే. చిన్న కాగితం ముక్కలు కత్తిరించి ఆ పేజీలోని వ్యాఖ్యలనూ బుడగలనూ కప్పేసి, బొమ్మలు మాత్రం ఇద్దరూ కలిసి చూడండి. కథ ఎంతవరకు అర్థమైందో మీరు పైకి చెప్పండి. తరువాత ఒక్కొక్క కాగితమే తీస్తూ, ఇది తీసినందువల్ల నాకు కొత్తగా ఏమి తెలిసిందో చెబుతూ పోండి. కొన్ని చోట్ల నిజంగానే ఏదో కొత్తది తెలుస్తుంది, అవి కూడా దాచకుండా చెప్పండి. ఏమీ తెలియని చోట "ఇది నాకు ముందే తెలిసిపోయింది" అనండి. చెత్తగా ఉందనీ, అతిగా ఉందనీ అననవసరం లేదు. "ముందే తెలిసింది" అన్నది తీర్పు కాదు, జరిగిన సంగతి. ఒక పేజీతో ఆపేయండి. ఆమె తెలివైనదైతే, ఆ బొమ్మలు గీసిన మనిషి తెలివైనదే అయి ఉండాలి, మిగతా పేజీల మీద ఆ కాగితం ముక్కలు తనే పెట్టుకుంటుంది.

మాటలు వేరే రచయిత చేత రాయించమని సలహా ఇవ్వాలా అన్న ఆలోచన మీకు వచ్చి ఉండవచ్చు. ఇప్పుడే వద్దంటాను. జంటగా చేసిన గొప్ప పుస్తకాలు చాలానే ఉన్నాయి, కానీ కళ్ళజోడు పేజీకి మాట అక్కరలేదని తెలుసుకున్న మనిషి మరో రచయితను వెతుక్కునే ముందు తన మౌనాన్ని తాను నమ్మడం నేర్చుకోవచ్చు. చాలాకాలం కిందట ఒక మిత్రుడి పుస్తకం చదివి "చాలా బాగుంది" అనేసి ఊరుకున్నాను. అతను తరువాతి పుస్తకంలో అవే తప్పులు మరింత శ్రద్ధగా చేశాడు, అందులో నా వాటా ఎంతో నాకు తెలుసు. కాబట్టి మీరు మౌనంగా ఉండటాన్ని మాత్రం నేను సమర్థించలేను.

వాళ్ళ నాన్నగారి జ్ఞాపకం గురించి మీ భయం. ఇది అన్నిటికన్నా సున్నితమైనది, మీరు దాన్ని పట్టించుకున్నందుకు మీ మీద గౌరవం పెరిగింది. దుఃఖంలో ఉన్న మనిషికి మౌనం కష్టం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినరోజు నుంచీ ఇంట్లో ఉన్నది అదే కదా. పుస్తకంలోనైనా ఆ మౌనాన్ని నింపేయాలనిపిస్తుంది, పడవవాడి చేత మాట్లాడించి, నగరాల చేత మాట్లాడించి, చివరికి తండ్రి చేతనే మాట్లాడించి. అందుచేత ఆమె అతి వివరణను నేర్పు లేమి అనుకోకండి. నచికేతుడి కథ ఆమెకు తెలిసే ఉంటుంది. కోపంలో తండ్రి అన్న మాట పట్టుకుని యముడి ఇంటికి వెళ్ళి, మూడు రాత్రులు గుమ్మంలో ఎదురు చూసిన పిల్లవాడు, మూడు వరాలు కోరుకోమంటే మరణ రహస్యాన్ని మూడోదిగా అడిగాడు. మొదట అడిగింది, తన తండ్రి కోపం చల్లారాలని, తాను తిరిగి వెళ్ళినప్పుడు తనను గుర్తుపట్టి ఆదరంగా పలకరించాలని. రెండో భాగం గురించి మాట్లాడేటప్పుడు ఆమెను ఈ ఒక్క ప్రశ్న అడగండి: నీ కథలోని ఆమె వాళ్ళ నాన్న దగ్గర నుంచి ఏమి కోరుకుంటోంది? ఆ లోకం నియమాల గురించి ఎంత ఆలోచించిందో దీని గురించి అంత ఆలోచించి ఉండకపోవచ్చు. లేదా దీని గురించే రాత్రింబవళ్ళు ఆలోచించి, కాగితం మీద పెట్టడానికి భయపడి ఉండవచ్చు.

చివరి నగరంలో తండ్రి మాట్లాడే ఆ మూడు పేజీల సంగతి మీరుగా ఎత్తకండి. కాగితం ముక్కలు వాటి మీద పెట్టకండి. అవి పాఠకుల కోసం రాసినవి కాకపోవచ్చు. ఆయన బతికి ఉండగా చెప్పకుండా పోయిన మాటలేవో ఆమె ఆయన చేత చెప్పించుకుని ఉండవచ్చు. ఎప్పుడైనా ఆమే వాటి గురించి అడిగితే, ఇందులో మీ నాన్నగారు నిజంగా అనే మాట ఏదని అడగండి. ఒక్క వాక్యం చూపిస్తుంది. అది ఉంచితే చాలేమోనని చెప్పి, మిగతాది ఆమెకు వదిలేయండి.